గంధం పూసిన తుపాకీ

మొన్న ఆయుధపూజ నాడు మా మనవడు శ్రీను తన కొత్త స్కూటరుకి నాలుగు బొట్లు పెట్టి, హ్యాండిలుకి రెండు బంతిపూలు గుచ్చి, అయిపోయిందనిపించుకుని లేవబోయాడు. వరండాలో నులకమంచం మీద ముడుచుకుని పడుకున్న మా నర్సత్త తల ఎత్తింది. తొంభై దాటిన మనిషి. ఆవిడ చెవులు ఒక రోజు పనిచేస్తే రెండు రోజులు సెలవు పెడతాయి. కళ్ళు మాత్రం ఎవరేం తప్పు చేస్తున్నారో పట్టుకోవడానికే మిగిలినట్టుంటాయి. "అదేటి గంధం, మందు వేసినట్టు? దండిగా పుయ్యిరా గుంటడా. గంధం వల్లే కదా నాను ఇన్నేళ్ళు బతికున్నాది" అంది. శ్రీను నవ్వాడు, కోడలు నవ్వింది. ముసలావిడ ఒంటికి గంధం రాసుకోవడం గురించి ఏదో అంటోందనుకున్నారు. నేను మాత్రం హారతి మధ్యలో పళ్ళెం కింద పెట్టేశాను. ఆ గంధం సంగతి ఈ లోకంలో నాకొక్కదానికే తెలుసని నేను యాభై ఏళ్ళుగా అనుకుంటున్నాను మరి.

మా అమ్మ నన్ను కని ఏడాది తిరక్కుండానే పోయింది. అప్పటికి నాన్న రంగూనులో, పజుండాంగ్ కాలువ ఒడ్డున ఒక బియ్యం మిల్లులో గోదాము గుమస్తా. మా శ్రీకాకుళం వైపు వాళ్ళు రంగూను అనేవాళ్ళు కాదు, రంగం అనేవాళ్ళు. ఊళ్ళో ఎవరైనా "రంగం ఎలిపోనాడు" అంటే పొట్ట చేత్తో పట్టుకుని స్టీమరెక్కాడని అర్థం. మొగుడు పోయి పుట్టింట్లో ఉంటున్న నాన్న అక్క నర్సమ్మ, తల్లి లేని నన్ను చంకనేసుకుని ఆ స్టీమరే ఎక్కింది. దారి పొడుగునా తనకి వాంతులు, నాకు విరేచనాలు అని చెప్పేది. నేను ఆవిణ్ణి అత్తా అని పిలిచానే గాని, భయమేస్తే దూరింది ఆవిడ కొంగులోకే, జ్వరమొస్తే కలవరించింది ఆవిడ పేరే. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. నేను తర్వాత చెప్పబోయేది చదివేటప్పుడు ఇది గుర్తుండాలి.

మిల్లు వాళ్ళిచ్చిన ఇల్లు మాది. నిలువెత్తు స్తంభాల మీద టేకు పలకలతో కట్టిన ఇల్లు. పోటు వచ్చినప్పుడు కాలువ నీళ్ళు ఇంటి కిందకొచ్చి పలకరించి వెళ్ళేవి, పోటు తీసినప్పుడు బురద వాసన పైకి లేచేది. దానికి తోడు మిల్లులో కాల్చే ఊక పొగ, ఉడికించిన ధాన్యం ఆవిరి, పక్కింట్లో బర్మా వాళ్ళు అన్నంలో కలుపుకునే ఎండుచేపల ముద్ద వాసన. ఆ ముద్దని నప్పి అంటారు. దాని వాసన తగిలితే అత్త ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకునేది గాని, పొరుగావిడ పంపిన కొబ్బరన్నం గిన్నె ఏనాడూ వెనక్కి పంపలేదు. పొద్దున్నే మిల్లు కూత వినబడగానే నాన్న చొక్కా వేసుకోవడం, అత్త పొయ్యి ఊదడం, నేను చింతపండు పెట్టి రాగి చెంబు తోమడం, మూడూ ఒకేసారి మొదలయ్యేవి. ఇప్పుడు మా ఇంట్లో ఎవరు ఎప్పుడు లేస్తారో లేచినవాళ్ళకే తెలియదు.

ఆ ఇంట్లోకి తుపాకీ రావడానికి కారణం ఎలకలు. గోదాములో బస్తాలు కొరికేసే ఎలకలు పిల్లి కూనలంత ఉండేవి, పైన దూలాల మీద పావురాలు సరేసరి. మిల్లు ఇంజనీరు దొర స్వదేశం వెళ్ళిపోతూ సామాను అమ్మేసినప్పుడు, బల్లలు, అద్దాలు, గ్రామఫోను అన్నిటికీ గిరాకీ వచ్చింది గాని ఒక చిన్న రైఫిలుని ఎవరూ తీసుకోలేదు. వేటకెళ్ళే దొరలు దాన్ని చూసి నవ్వారట, ఇది పిల్లలాటకి పనికొస్తుందని. నాన్నకి అది ఒక మోస్తరు సైకిలు ధరకే వచ్చింది. దొర సిఫారసు చీటీ రాసిస్తే పోలీసు ఆఫీసు చుట్టూ నాలుగుసార్లు తిరిగి లైసెన్సు సంపాదించాడు. ఆ కాయితాన్ని మడత నలక్కుండా పెళ్ళి శుభలేఖలాగా ట్రంకుపెట్టెలో దాచాడు.

చిన్నదే గాని అది తెలివైన తుపాకీ. వెనక చెక్కలో సన్నటి గొట్టం, ఆ గొట్టంలో వరసగా పది తూటాలు. మీట ఒకసారి నొక్కితే ఒకటి పేలుతుంది, ఖాళీ తొడుగు ఎగిరి పక్కన పడుతుంది, మనం ఏమీ చెయ్యకుండానే రెండో తూటా వచ్చి లోపల కూర్చుంటుంది. దొర దాన్ని ఆటోమేటిక్ అన్నాడు. మిల్లు కూలీలు పది దెబ్బల తుపాకీ అన్నారు. నాన్నకి అదంతా నోటికి తెలుసు గాని చేతికి తెలియదు. ఆయన చిన్నప్పుడు వాళ్ళ నాన్న దగ్గర పందుల్ని బెదరగొట్టే నాటు తుపాకీ ఉండేదట. గొట్టంలో మందు కూరి, గుడ్డ కుక్కి, గుండు వేసి, ఒక్క దెబ్బ కొడితే మళ్ళీ కొట్టడానికి చుట్ట కాల్చుకునేంత సేపు పట్టేది. అందుకని మా ఇంట్లో పేలిన తుపాకీ అంటే ఖాళీ తుపాకీయే. పది దెబ్బల తుపాకీ కొన్నాక కూడా మా అత్తకీ నాన్నకీ ఆ అలవాటు పోలేదు. నాకు వాళ్ళ దగ్గర్నుంచే అబ్బింది.

ఆదివారాలు నాన్నా నేనూ సంపాన్ పడవెక్కి కాలువ దాటి తాకేటా వెళ్ళేవాళ్ళం. అప్పుడు అటువైపు పొలాలు, గడ్డి, కొంగలు తప్ప ఏమీ లేవు. మాతో పక్కింటి ఊ సాన్ వచ్చేవాడు. మిల్లులో వడ్రంగి, బుద్ధ భక్తుడు, ప్రాణమున్న దేన్నీ చంపడు. నాన్న ఎలకల్ని కొట్టే రోజు ఊ సాన్ గోదాము ఛాయలకి వచ్చేవాడు కాదు. కాని యంత్రమంటే చచ్చేంత మోజు, ఆ తుపాకీ లోపల ఏం జరుగుతోందో చూడకుండా ఉండలేడు. అందుకని నాన్నకి ఒక షరతు పెట్టాడు. "మేస్త్రీ, పిట్టను కొట్టవద్దు. డబ్బాను కొట్టు. డబ్బాకు అమ్మ లేదు, నాన్న లేడు" అన్నాడు. ఆయన మాట్లాడే తెలుగు మిల్లు కూలీల దగ్గర నేర్చుకున్నదే. అలా మా వేట పాలడబ్బాల వేటయింది. గట్టు మీద పది డబ్బాలు వరసగా పెట్టి, వెనక్కి నడిచి, తడిగడ్డిలో బోర్లా పడుకునేవాళ్ళం.

నాకు అప్పుడు పదకొండేళ్ళుంటాయి. మొదటిసారి తుపాకీ నా భుజానికి ఆనించి నాన్న అన్న మాట ఇప్పటికీ చెవిలో ఉంది. "ఊపిరి సగం ఒగ్గి ఆగు. మీట లాగీకు, నొక్కు. ఎప్పుడు పేలిందో నీకే తెలవకూడదు." నాకు తెలియకుండానే అది పేలింది. భుజాన్ని ఎవరో వేలితో పొడిచినట్టయిందంతే. డబ్బా ఎగిరి పల్టీ కొట్టింది. కాలిన మందు వాసన, గడ్డి పసరు వాసన, నాన్న మీసాల్లో నవ్వు. ఇంకోటి నొక్కాను, ఇంకో డబ్బా. ఏమీ కూరక్కర్లేదు, ఏమీ కుక్కక్కర్లేదు, అదే వచ్చి కూర్చుంటోంది. పదింటికి ఏడు కొట్టిన రోజు ఊ సాన్ తన కిళ్ళీ డబ్బా తీసి నాకు వక్కముక్క బహుమతిగా ఇచ్చాడు. "మ రాజీ, నీ కన్ను బాగుంది" అన్నాడు. మ అంటే వాళ్ళలో అమ్మాయిని గౌరవంగా పిలిచే మాట. అంతవరకూ నన్నెవరూ గౌరవంగా పిలవలేదు. ఇంటికొచ్చాక పాత పేపరు పరిచి, గుడ్డకి మిషను నూనె తడిపి, గొట్టం లోపల లాగి తుడిచే పని నాదే. ఆ నూనె వాసన చేతులకి సోమవారం దాకా ఉండేది. బడిలో లెక్కలు రాకపోయినా అరచెయ్యి వాసన చూసుకుని ధైర్యం తెచ్చుకునేదాన్ని.

అత్తకి ఇదంతా కిట్టేది కాదు. "ఆడగుంటకి తుపాకీ నేర్పుతావేటి సూరీ? రేపు సంబంధానికొచ్చినోళ్ళకి ఏటని సెప్పాలి, గారెలు రావు గాని గురి వస్తాదనా?" అని నాన్నని సాధించేది. నాన్న "ఊరుకో అప్పా" అని నవ్వేసేవాడు; మా వైపు అక్కని అప్ప అంటారు. ఆయన నాకొక మాటిచ్చాడు. దసరా ముందు రోజు మిల్లులో ఆయుధపూజ. ప్రతి ఏడూ ఇంజను ముందు బూడిద గుమ్మడికాయ పగలగొట్టి దిష్టి తీస్తారు. ఈసారి ఆ కాయని పగలగొట్టడం కాదు, తుపాకీతో కొడదాం, కొట్టేది నువ్వే అన్నాడు. నెల రోజులు నేను నేల మీద నడవలేదు. బడిలో అందరికీ చెప్పుకున్నాను. గుడ్డముక్కతో రుద్ది రుద్ది తుపాకీ గొట్టం చివర మెరిపించాను.

ఆ రోజు పొద్దున్న మిల్లు ఆపేశారు. ఇంజనుకి పూలదండలు, పట్టాలకి పసుపు, తాళ్ళకి బొట్లు. కూలీలూ వాళ్ళ ఆడవాళ్ళూ వాకిట్లో నిండిపోయారు. ఊక బస్తాల గుట్ట మీద గుమ్మడికాయ పెట్టారు. నేను కొత్త లంగా కట్టుకుని నాన్న పక్కన నిలబడ్డాను. అప్పుడు అత్త జనాన్ని తోసుకుని వచ్చి నా జబ్బ పట్టుకుంది. "ఇంతమంది మొగోళ్ళ ముందు గుంట బోర్లా పడుకుని తుపాకీ పేల్తాదా? నా తల తీసీసినట్టే సూరీ. ఇంటికి పదవే" అంది. నాన్న నా వంక చూశాడు, జనం వంక చూశాడు, అత్త వంక చూశాడు. తర్వాత తనే తుపాకీ ఎత్తి కొట్టాడు. కాయ పగిలి కుంకం నీళ్ళు కారాయి, జనం గోల చేశారు. నేను ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది. అత్త మొహం చూస్తే ఒళ్ళు మండింది. అంతలో ప్రసాదానికి కొత్త దొర వస్తున్నాడని ఎవరో కేకేస్తే, నాన్న తుపాకీ అత్త చేతిలో పెట్టి "పేలిపోయింది అప్పా, పూజలో పెట్టీ" అని పరిగెత్తాడు. ముందు రోజు ఎలకల కోసం నింపినవి గొట్టంలో ఇంకా ఉన్నాయన్న సంగతి ఆయన చేతికి తెలియలేదు.

ఇంట్లో పూజగదిలో పీట మీద నాన్న పెన్ను, అత్త కత్తిపీట, ఊ సాన్ మా మాట మీద ఇచ్చిన ఉలి, అన్నిటి మధ్య తుపాకీ పెట్టింది అత్త. అమ్మవారి పూజలో పిసినారితనం ఉండకూడదని ఆవిడ నమ్మకం. సానరాయి మీద చేతులు పడిపోయేలా అరగదీసిన గంధం గిన్నెడు తెచ్చి, తుపాకీకి గొట్టం మొదలు చెక్క చివరి దాకా, ప్రతి సందులోకీ, ప్రతి చిల్లులోకీ వేలు పెట్టి మరీ పూసింది. పనిముట్టుకి నోరుంటే వద్దమ్మా అని ఉండేది. ఉలి చూసుకోవడానికి గుమ్మం దాకా వచ్చిన ఊ సాన్ "డో నర్సమ్మా, మీ తుపాకీకి తనాకా రాశారు" అని పగలబడి నవ్వాడు. వాళ్ళ ఆడవాళ్ళు చల్లదనానికి బుగ్గలకి రాసుకునే చెక్క గంధాన్ని తనాకా అంటారు, పెద్దావిణ్ణి డో అంటారు. అత్త కూడా నవ్వింది. నేను నవ్వలేదు.

మధ్యాహ్నం నాన్న ఇంకా మిల్లులోనే ఉన్నాడు. అత్త వంటింట్లో పొయ్యి ముందు కూర్చుని గారెలు వేస్తోంది, నాకు వీపు పెట్టి. పూజగదికీ వంటింటికీ మధ్య ఖాళీ హాలు, రెండు గుమ్మాలూ ఎదురెదురు. పూజలో పెట్టిన వస్తువుని మర్నాడు ఉద్వాసన చెప్పేదాకా ముట్టుకోకూడదని నాకు తెలుసు. తెలిసే ముట్టుకున్నాను. తుపాకీ ఎత్తాను, ఎండిన గంధం పెచ్చులుగా రాలింది. గుమ్మానికి భుజం ఆనించి గురి చూశాను. అత్త జాకెట్టు మీద చెమట మరక, దాని మధ్యకి. ఊపిరి సగం వదిలి ఆగాను. ఇది ఆట అని ఇన్నేళ్ళూ నాకు నేనే చెప్పుకోబోయాను, కుదరలేదు. నాన్న పేలిపోయిందన్నాడు గనక అది ఖాళీ తుపాకీ అని నమ్మిన మాట నిజం. ఆ క్షణంలో ఆవిడ మీద కోపంతో నొక్కిన మాట కూడా నిజం. మీట టక్కుమంది. నూనె చిటపటలాడుతూనే ఉంది. అత్త ఒక గారె తిరగేసింది. నేను తుపాకీ పీట మీద పెట్టేసి, చేతులకంటిన గంధం లంగాకి తుడుచుకుని, మెట్లు దిగి కాలువ గట్టుకి పోయాను.

సాయంత్రం దీపాలు పెట్టే వేళకి ఊ సాన్ మళ్ళీ వచ్చి నాన్నతో కబుర్లలో పడ్డాడు. కాయని కొట్టిన దెబ్బ గురించి మెచ్చుకుని, మామూలుగా అడిగాడు. "మేస్త్రీ, మిగిలిన తూటాలు తీసావా?" నాన్న చేతిలో గారె నోటి దాకా వెళ్ళి ఆగింది. "ఒక్కటే కదా పేల్చాను" అన్నాడు. ఆ మాట అంటుండగానే ఆయనకి అర్థమైనట్టుంది, మొహం పాలిపోయింది. ఊ సాన్ "ఒకటి పోతే ఒకటి వస్తుంది కదా" అన్నాడు. నాన్న పూజగది వైపు చూశాడు. "పూజలో ఉన్నాది. రేపు ఉద్వాసన సెప్పేదాకా ముట్టకూడదు" అన్నాడు. తూటాలున్న తుపాకీని అమ్మవారి మీద గౌరవంతో ఇంట్లో అలాగే ఉంచేసే జనం మా వాళ్ళు తప్ప ఇంకెవరూ ఉండరు. నేను స్తంభానికి చేరబడి అంతా విన్నాను. పీట మీదున్నది ఖాళీ తుపాకీ కాదు, మధ్యాహ్నం నేను నొక్కింది ఖాళీ మీట కాదు. అత్త వంటింట్లో ఉంది, గాజుల్లేని ఆ చేతులు పప్పు గిన్నె తోముతున్నాయి, ఆ చేతులు అక్కడ ఉండకుండా పోయేవి. నాకు వాంతి వచ్చింది. గారెలు ఎక్కువ తిన్నానని అత్త వాము నమిలించింది. ఆ పూట నాన్న పూజగది తలుపు మూసి, గుమ్మానికి అడ్డంగా పక్క వేసుకున్నాడు. భక్తి అనుకున్నాను.

పొద్దున్నే ఉద్వాసన చెప్పి, నాన్న తుపాకీని వాకిట్లోకి తెచ్చాడు. ఊ సాన్ పట్టుకారు తెచ్చాడు. నన్ను కూడా పిలిచారు. తుపాకీ గడియ వెనక్కి రాలేదు, గంధం సిమెంటులా పట్టేసింది. వేణ్ణీళ్ళ గుడ్డతో నానబెట్టి లాగితే వచ్చింది, దానితో పాటు ఒక తూటా ఊడిపడింది. నాన్న దాన్ని వేళ్ళ మధ్య తిప్పాడు. అంచు మీద చిన్న సొట్ట. లోపల సుత్తి వచ్చి కొట్టిన గుర్తు. గంధం అడ్డం పడి దెబ్బలో బలం చచ్చిపోయింది, లేకపోతే పేలేదే అని ఊ సాన్ చెప్పాడు. అత్త అమ్మవారి దయ అంది. నాన్న నా వంక చూడకుండా, కాస్త గట్టిగా అన్నాడు. "అప్పకి ఇచ్చినప్పుడు నానే మీట నొక్కేసుంటాను. నాదే బుద్ధి తక్కువ." ఇప్పుడు చెప్పెయ్యాలి అనుకున్నాను. నోరు తెరిచాను. "కాఫీ తేనా నాన్నా" అన్నాను.

ఆ వారంలోనే నాన్న తుపాకీనీ లైసెన్సు కాయితాన్నీ పోలీసు ఆఫీసులో అప్పగించి వచ్చేశాడు. గోదాములోకి మూడు పిల్లులొచ్చాయి. ఆదివారాలు తాకేటా వెళ్ళడం ఆగిపోయింది. నాకు ఏడుపూ వచ్చింది, గుండెల మీంచి బండ దింపినట్టూ అయింది. ఇల్లు ఊడుస్తున్నప్పుడు పూజగది మూల ఖాళీగా కనబడితే ఊపిరి ఆడేది. కాని దానితో పాటు ఇంకో బరువు వచ్చి కూర్చుంది. నాన్న జీవితంలో తనకని కొనుక్కున్న వస్తువు అదొక్కటే. చెయ్యని తప్పు తనదనుకుని దాన్ని వదిలేసుకున్నాడు, నేను చూస్తూ ఊరుకున్నాను. ఆ పున్నమికి బర్మా వాళ్ళు దీపాలు పెట్టుకునే పండగ వచ్చింది. ఊ సాన్ నన్ను పగోడాకి తీసుకెళ్ళి, కుండలో బతికున్న చేపలు కొనిచ్చి, కొలనులో వదలమన్నాడు. "మ రాజీ, ఒకటి వదులు, తేలిక అవుతుంది" అన్నాడు. చేపలు జారిపోయాయి, నేను మాత్రం తేలిక పడలేదు. ఆ తర్వాత పెళ్ళయింది, పిల్లలు పుట్టారు, యుద్ధం వచ్చింది, ఉన్నదంతా వదిలి కాలినడకన బయల్దేరి ఈ విశాఖపట్నం చేరాం. నాన్న ఇక్కడే పోయాడు. చివరి రోజుల్లో మందు పడుతూ రెండుసార్లు చెప్పబోయి ఆగిపోయాను. పోయే మనిషికి తుపాకీ సంగతేమిటని సర్దిచెప్పుకున్నాను. పిరికితనానికి మంచి బట్టలు కట్టడం నాకు చిన్నప్పుడే వచ్చు.

అందుకే మొన్న నులకమంచం మీంచి ఆ మాట వినగానే హారతి పళ్ళెం కింద పెట్టేశాను. పూజ అయ్యాక అందరూ భోజనాలకి లేచారు. నేను అత్తకి అన్నం మెత్తగా కలిపి తీసుకెళ్ళి, మంచం అంచున కూర్చున్నాను. "గంధం వల్ల బతికానన్నావేంటత్తా?" అని అడిగాను.

"తెలవనట్టు అడుగుతావేటి" అంది. దిండు కింద నుంచి రంగంలో కొన్న లక్క తమలపాకుల డబ్బా తీసింది. పై అర తీసి, కింద అరలోంచి గుడ్డముక్క మూట విప్పింది. చిటికెనవేలి గోరంత ఇత్తడి తొడుగు. అంచు మీద సొట్ట. "ఊ సాన్ పట్టుకారుతో గుండు ఊడపీకి మందు కాలవలో పారబోసినాడు. పారెయ్యమన్నాడు. నానే ఒగ్గలేదు. నడిచొచ్చినప్పుడు దారిలో బంగారం పోయింది గాని ఇది పోలేదు" అంది.

"నీకెలా తెలుసు?"

"నా ముందర ఇత్తడి బిందె నేదా? పండగని నువ్వే తోమినావు, అద్దంలాగ. అందులో అవుపడ్డావు, తుపాకీ ఎత్తుకుని. నానూ ఖాళీదనే అనుకున్నాను. సాయంత్రం ఊ సాన్ అడిగినాక ఒళ్ళు సల్లబడిపోనాది. నీ లంగాకి గంధం మరక నువ్వు సూడకుండా నానే ఉతికీసినాను. మీ నాన్నకి అప్పుడే సెప్పీసినాను."

తొడుగుని అరచేతిలోకి తీసుకున్నాను. నాన్నకి తెలుసు. గుమ్మానికి అడ్డంగా పడుకున్నది భక్తితో కాదు. వాకిట్లో నా వంక చూడకుండా గట్టిగా అన్న ఆ మాట నా కోసం తయారుచేసి పెట్టుకున్న మాట. తేలిక అవుతుందంటూ చేపలు కొనిచ్చిన ఊ సాన్‌కీ తెలుసు. ఆ ఇంట్లో ఆ సంగతి ఎవరికీ తెలియదనుకున్నది నేనొక్కదాన్నే. "నాన్న బాధపడ్డాడా అత్తా? తుపాకీ వదులుకున్నందుకు?" అన్నాను.

"ఏటి బాధ? ఇచ్చేసొచ్చి ఆ పూట రెండు పళ్ళేల అన్నం తిన్నాడు. అక్కా కూతురూ మిగిలినారు, ఇనప ముక్క పోతే పోనీ అన్నాడు. నువ్వొచ్చి సెప్తావేమో అని మాత్రం ఏడాది సూసినాడు. సెప్పనేదు. పోనీలే, పెద్దయితే సెప్తాది అన్నాడు. తరవాత ఆడూ మర్సిపోనాడు."

పెద్దయి అరవై దాటాక, మంచం అంచున కూర్చుని అప్పుడు చెప్పాను. "ఆడుకుంటూ కాదత్తా. నీ మీద కోపంతోనే నొక్కాను."

"తెలుసునే. బిందెలో నీ మొకం అవుపడింది కదా" అంది, అన్నం ముద్ద కోసం నోరు తెరుస్తూ.

ముద్ద పెట్టాను. నమిలేదాకా ఆగాను. "మరి వెనక్కి తిరగలేదేం?"

"తిరిగితే నాను సూసినానని నీకు తెలిసిపోద్ది. జన్మంతా నా మొకం సూడ్డానికి సిగ్గుపడతావు." ఇంకో ముద్దకి నోరు తెరిచి, ఆగి, "గారెలూ మాడిపోతాయి" అంది.

నేను నవ్వానో ఏడ్చానో నాకే తెలియదు, ముక్కు మాత్రం తుడుచుకున్నాను. ఆవిడ ఎడమ చేత్తో నా మోకాలు తట్టి, పెరుగు కలపమని సైగ చేసింది. పెరుగు కలిపాను. యాభై ఏళ్ళు ఎవరికీ చెప్పకుండా నేను మోసినది, పక్క మంచం మీద తమలపాకుల డబ్బాలో ఒక తొడుగై పడి ఉంది. ఆ సాయంత్రం నేను పెందలాడే పడుకున్నాను, పడుకున్న వెంటనే నిద్రపట్టింది.

మర్నాడు ఉద్వాసన అయ్యాక శ్రీను సెలవు రోజైనా ఆఫీసులో పనుందని బయల్దేరుతూ వాకిట్లో గొణగడం మొదలెట్టాడు. ముసలావిడ మాట మీద కోడలు స్కూటరుకి మళ్ళీ గంధం పూసిందట. తాళం చెవి పెట్టే చిల్లు నిండా గంధం ఎండిపోయి, చెవి లోపలికి దిగడం లేదు. గుండుసూది తెచ్చి గీకబోతున్నాడు. మంచం మీంచి అత్త నా వంక చూసింది. నేను వెళ్ళి వాడి చేతిలో గుండుసూది తీసేసుకున్నాను.

"ఉండనీరా. ఇవాళ్టికి బస్సులో వెళ్ళు" అన్నాను.